ముక్కిన తౌడు, వెలిసిపోయిన మునగాకు: ముర్రా దూడల దాణాపై ఒక కేస్ స్టడీ

పన్నెండు ముర్రా జాతి గేదె దూడలు. వయసు మూడు వారాల నుంచి మూడు నెలల దాకా. నిగనిగలాడాల్సిన నల్లటి ఒళ్లు ఎర్రబారి, వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. తొట్టిలో వేసిన దాణా సగం మిగిలిపోతోంది. పేడ రెండు రోజులు గట్టిగా ఉంటే రెండు రోజులు పల్చగా పడుతోంది. జ్వరం లేదు. యజమాని అప్పటికే నెల రోజులుగా మునగాకు పొడి కలుపుతున్నాడు, అదీ వంద కిలోల దాణాకు పదిహేను కిలోల చొప్పున. "యాంటీఆక్సిడెంట్లు ఎక్కువుంటే దూడలకు రోగాలు రావన్నారు. మరి ఇవి ఇలా ఎందుకున్నాయండీ?" అన్నది ఆయన ప్రశ్న.

ఇది ఏదో ఒక్క రైతు షెడ్డు కాదు. కృష్ణా, గోదావరి డెల్టా పల్లెల్లో తరచూ కనబడే పరిస్థితులను ఒకచోట కూర్చిన మాదిరి షెడ్డు. దూడల సంఖ్య, పాత దాణా పాళ్లు లెక్క చూపడానికి పెట్టుకున్నవి. పరీక్షలు, కారణాలు, సరిదిద్దే పద్ధతి మాత్రం ఏ షెడ్డుకైనా పనికొస్తాయి.

పొడి సంగతి తర్వాత, ముందు చూడాల్సినవి

మునగాకు పొడి మంచిదా కాదా అని మొదలుపెడితే దారి తప్పుతాం. దూడ ఒంట్లో యాంటీఆక్సిడెంట్ల (కణాలను దెబ్బతీసే ఆక్సీకరణను అడ్డుకునే పదార్థాల) నిల్వ మొదలయ్యేది ఆకుతో కాదు, ముర్రుపాలతో. విటమిన్ ఇ మాయ గుండా దూడకు చేరేది బహు తక్కువ. పుట్టేనాటికి దూడ దగ్గర ఆ నిల్వ దాదాపు ఖాళీ. ముర్రుపాలే దాన్ని నింపుతాయి, రోగనిరోధక శక్తినీ అవే ఇస్తాయి. 32 కిలోల దూడకు మొదటి రోజు బరువులో పదో వంతు, అంటే మూడు లీటర్ల పైచిలుకు పట్టాలి. అందులో సగమైనా పుట్టిన రెండు గంటల్లోపే లోపలికి పోవాలి. గంటలు గడిచేకొద్దీ పేగు గోడ ఆ రక్షక పదార్థాలను లోపలికి తీసుకునే శక్తి పోగొట్టుకుంటుంది. 24 గంటలు దాటితే ఇక తీసుకోదు. "మాయ పడేదాకా పాలు పట్టకూడదు" అన్న మాట ఇప్పటికీ చాలా ఊళ్లలో నడుస్తోంది. ఈ షెడ్డులోనూ అదే ఆచారం. గేదె మాయ వేయడానికి ఆరు గంటలు పడితే దూడ ఆరు గంటలు పస్తు. ఆ లోటును తర్వాత ఎంత ఆకు పెట్టినా పూడ్చలేం. పైగా దూడ చీకుతుంటే మాయ త్వరగా పడుతుందే తప్ప ఆగదు.

రెండోది పేగుల్లో చేరే ఏలిక పాములు. గేదె దూడల్లో ఇవి తల్లి పాల ద్వారానే వస్తాయి, కాబట్టి షెడ్డు ఎంత కడిగినా ఆగవు. మట్టి రంగులో, దుర్వాసన కొట్టే పల్చటి పేడ, ఉబ్బిన పొట్ట, పెరగని ఒళ్లు వీటి గుర్తులు. పైపరజీన్ అనే నట్టల మందు మొదటి మోతాదు 10 నుంచి 14 రోజుల వయసులో, దూడ బరువును బట్టి పశువైద్యుడు చెప్పినంత పట్టాలి. మూడు నాలుగు వారాలకు మళ్లీ పట్టాలి. ఇక్కడ పెద్ద దూడలకు మొదటి మోతాదే నెల దాటాక పడింది. పాములున్న పేగులో వాపు ఉంటుంది, వాపు ఉన్నచోట కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ పుడుతూనే ఉంటాయి.

మూడోది పాలు. మొదటి నెల బరువులో పదో వంతు, రెండో నెల పదిహేనో వంతు, మూడో నెల ఇరవయ్యో వంతు. రెండు నెలల దూడ 50 కిలోలుంటే రోజుకు 3.3 లీటర్లు. ఇక్కడ ఒక చన్ను వదిలి పిండుకుంటున్నారు, దూడకు అందేది లీటరు పైచిలుకే. గేదె తాను తిన్న పచ్చమేతలోని బీటా కెరోటిన్‌ను దాదాపు మొత్తం విటమిన్ ఎగా మార్చి పాలలోకి వదులుతుంది. గేదె పాలు తెల్లగా, ఆవు పాలు లేత పసుపుగా ఉండడానికి కారణం అదే. ఆ విటమిన్ ఉండేది వెన్నలో. కాబట్టి దూడకు పాలు తగ్గిస్తే కోతపడేది ఒక్క మాంసకృత్తులకే కాదు.

ఈ మూడూ సరిదిద్దకుండా మొక్కల పొడి పెట్టడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. ఇక దాణా దగ్గరికి వద్దాం. అసలు చిక్కుముడి అక్కడే ఉంది.

దాణాలో ముక్కిన తౌడు

పాత దాణా వంద కిలోలకు: మొక్కజొన్న రవ్వ 30, పచ్చి తౌడు 40, వేరుశనగ చెక్క 27, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. దీని మీద మునగాకు పొడి 15 కిలోలు అదనం. తౌడు రైస్‌మిల్లు నుంచి నెలకోసారి తెచ్చి గోనె సంచుల్లో, రేకుల షెడ్డు కింద ఉంచుతున్నారు.

పచ్చి తౌడులో నూనె సుమారు 15 శాతం ఉంటుంది. నలభై కిలోల తౌడుతో ఆరు కిలోల నూనె, చెక్కలో మిగిలిన నూనె రెండు కిలోల పైన. అంటే మొక్కజొన్నది కలపకుండానే దాణాలో ఎనిమిది శాతం నూనె. అదైనా తాజాగా ఉంటే ఒక రకం. వడ్లగింజలో నూనె ఒక పొరలో, దాన్ని విరగ్గొట్టే లైపేజ్ అనే ఎంజైమ్ మరో పొరలో ఉంటాయి. మిల్లు ఆడించగానే రెండూ కలుస్తాయి. ఆ గంట నుంచే కొవ్వు ఆమ్లాలు విడిపోవడం మొదలవుతుంది. తర్వాత గాలి, వేడి తగిలి అవి ఆక్సీకరణ చెంది పెరాక్సైడ్లు అనే హానికర పదార్థాలు తయారవుతాయి. ఏప్రిల్, మే నెలల్లో రేకు కింద ఉన్న సంచిలో ఇది వారం రోజుల్లోనే ముక్కుకు తెలిసిపోతుంది.

విటమిన్ ఇ పనిచేసే తీరు గుర్తుంచుకోవాలి. పెరాక్సైడ్ల గొలుసును అది తెంపుతుంది, తెంపే క్రమంలో తాను ఖర్చయిపోతుంది. ముక్కిన తౌడులో మునగాకు పొడి కలిపి నెల నిల్వ ఉంచితే, ఆకులోని విటమిన్ ఇ, కెరోటిన్ సంచిలోనే ఆ నూనెతో పోరాడి అయిపోతాయి. దూడ నోటికి వచ్చేసరికి మిగిలేది ఆకు పీచు, చేదు. దానికి తోడు మునగాకులో ఇనుము బాగా ఎక్కువ. ఇనుము నూనె ఆక్సీకరణను వేగిరం చేస్తుంది. అందుకే పాత నూనె ఉన్న దాణాలో మునగాకు ఎక్కువ కలపడం మేలు చేయకపోగా ఎదురు తిరగవచ్చు. ఆయన పదిహేను కిలోలు కలిపినా ఫలితం కనబడకపోవడానికి ప్రధాన కారణం ఇదేనన్నది మా నిర్ణయం.

తౌడు పరీక్షకు ల్యాబ్ అక్కర్లేదు. సంచి పైనుంచి కాదు, మధ్యలోకి చెయ్యి పెట్టి ఒక గుప్పెడు తీయండి. చేతికి వెచ్చగా తగిలితే లోపల మార్పు నడుస్తోందన్నమాట. ఆ గుప్పెడు స్టీలు గ్లాసులో వేసి, కాగిన నీళ్లు సగం దాకా పోసి, మూత పెట్టి ఐదు నిమిషాలు ఆగండి. మూత తీయగానే మొదట వచ్చే ఆవిరి వాసన చూడాలి. మంచి తౌడు కాస్త తియ్యటి, ఉడికిన గింజ వాసన వేస్తుంది. ముక్కిన తౌడు సబ్బు వాసన, పాత నూనె డబ్బా అడుగు వాసన కొడుతుంది. నాలుక చివర చిటికెడు పెట్టుకుంటే గొంతులో గీరినట్టు ఉంటుంది. ఈ షెడ్డులో పై సంచి పర్వాలేదు, అడుగు సంచి మూత తీయగానే తెలిసిపోయింది. కచ్చితమైన పెరాక్సైడ్ విలువ (నూనె ఎంత ముక్కిందో చెప్పే అంకె) కావాలంటే గన్నవరం, తిరుపతి, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీల పశుపోషణ విభాగాలను అడగవచ్చు.

ఉప్పుడు బియ్యం తౌడు వాడితే చాలదా అని తెలంగాణ వైపు రైతులు అడుగుతారు. ఉడకబెట్టడంతో లైపేజ్ చచ్చిపోతుంది, కాబట్టి కొవ్వు ఆమ్లాలు విడిపోవడం తగ్గుతుంది. కానీ ఆ వేడికి తౌడులోని సహజ యాంటీఆక్సిడెంట్లు కూడా కొంత పోతాయి, అందుకని గాలికి ఆక్సీకరణ చెందడం ఆగదు. దూడల దాణాకు నూనె తీసిన తౌడు, అంటే డీఓబీ, మేలు.

పొడి రంగు చెప్పే సంగతి

యజమాని చూపించిన మునగాకు పొడి గడ్డి రంగులో ఉంది. మంచి పొడి ముదురాకుపచ్చగా, వేళ్ల మధ్య రుద్దితే పచ్చి ఆకు వాసన వచ్చేలా ఉంటుంది. ఈ పొడి రుద్దితే ఎండుగడ్డి వాసన. మేడ మీద ఎర్రటి ఎండలో రెండు రోజులు ఎండబెట్టి, రెమ్మలతో సహా పిండిమరలో వేయించారు. కెరోటిన్‌కు ఎండ పడదు. రెమ్మలు, ఈనెలు కలిస్తే పీచు పెరుగుతుంది, మాంసకృత్తులు తగ్గుతాయి. శుభ్రంగా దూసిన ఆకు పొడిలో మాంసకృత్తులు 25 శాతం దగ్గర ఉంటాయి, రెమ్మలు కలిసిన పొడికి ఆ లెక్క వర్తించదు. ఇక విటమిన్ సి: అది ఎలా ఎండబెట్టినా చాలావరకు పోయేదే, దాని మీద ఆశ పెట్టుకోకూడదు. నిలబడేవి కెర్సెటిన్, క్లోరోజెనిక్ ఆమ్లం వంటి పాలీఫినాల్స్ అనే మొక్కల యాంటీఆక్సిడెంట్లు, సరిగ్గా ఎండబెడితే కెరోటిన్, విటమిన్ ఇలో మంచి భాగం.

సరైన పద్ధతి ఇలా ఉంటుంది. పొద్దున్నే మంచు ఆరాక కోయాలి. కోసిన ఆకు కుప్పగా పోస్తే గంటల్లోనే లోపల వేడెక్కి నల్లబడుతుంది, కాబట్టి అదే పూట దూయాలి. పసుపెక్కిన ఆకులు, పురుగు పట్టినవి ఏరేసి, మంచినీళ్లలో ఒకసారి, ఒక శాతం ఉప్పునీళ్లలో మూడు నాలుగు నిమిషాలు, మళ్లీ మంచినీళ్లలో కడిగి, జల్లెడ గంపలో నీళ్లు ఓడనివ్వాలి. గాలి ఆడే గదిలో, దోమతెర గుడ్డ బిగించిన చట్రాల మీద చదరపు మీటరుకు కిలోకు మించకుండా పరచాలి. అంతకన్నా మందంగా వేస్తే అడుగు పొర బూజు పడుతుంది, తరచూ జరిగే పొరపాటు ఇదే. రోజుకు రెండుసార్లు తిరగేస్తే మూడు నాలుగు రోజుల్లో ఎండుతుంది. గుప్పిట్లో నలిపితే గలగలమని పొడవ్వాలి, మెత్తగా ముడుచుకుంటే ఇంకా తేమ ఉన్నట్టే. పది శాతం లోపు తేమ ఉంటేనే నిల్వ నిలుస్తుంది. నాలుగున్నర నుంచి ఐదు కిలోల దూసిన ఆకుకు కిలో పొడి వస్తుంది.

పొడిని గాలి చొరని మందపాటి ప్లాస్టిక్ సంచిలో కట్టి, దాన్ని నల్ల సంచిలోనో డ్రమ్ములోనో పెట్టి, చల్లటి గదిలో ఉంచాలి. మూడు నెలలకు మించి దాచకూడదు. వీలైతే ఆకుగానే దాచి, పదిహేను రోజులకు సరిపడా మాత్రమే పొడి చేసుకోవడం ఇంకా మంచిది. పొడి అయితే గాలి తగిలే ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

చేను గట్టున మునగ పక్కనే సుబాబుల్ ఉండే ఊళ్లలో కూలీలు రెండూ కలిపి దూయడం జరుగుతుంది. సుబాబుల్‌లో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది, దూడల్లో వెంట్రుకలు రాలడానికి దారితీస్తుంది. ఆకు దూసేచోట ఒకరు నిలబడి చూసుకోవాలి.

కొత్త దాణా

వంద కిలోలకు: మొక్కజొన్న రవ్వ 45, వేరుశనగ చెక్క 20, సోయా చెక్క 13, డీఓబీ 14, మునగాకు పొడి 5, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. మాంసకృత్తులు లెక్కకు 21 నుంచి 22 శాతం వస్తాయి. పాత దాణాలో, మునగాకు కలపకముందు, అది 19 శాతం లోపే. నూనె సుమారు మూడున్నర శాతానికి దిగుతుంది. వేరుశనగ చెక్క ముక్కలు విరిచి చూసి, లోపల పచ్చటి బూజు ఉంటే మొత్తం సంచి పక్కన పెట్టాలి. ఆ బూజు విషం, అంటే అఫ్లటాక్సిన్, కాలేయాన్ని దెబ్బతీస్తే ఏ ఆకూ కాపాడలేదు. యూరియా కలిపిన దాణా దూడలకు పనికిరాదు, పాడి గేదెల దాణా మిగిలింది కదా అని దూడల తొట్టిలో వేయకూడదు.

ఐదు శాతమే ఎందుకు? మునగాకులో సాపోనిన్లు అనే పదార్థాల చేదు ఉంటుంది. దూడ మూతి పెట్టి వదిలేస్తే తినే దాణా తగ్గి, ఆకు వల్ల వచ్చే లాభం కన్నా ఆకలి వల్ల వచ్చే నష్టం ఎక్కువవుతుంది. వంద కిలోలకు పదిహేను కిలోలు కలిపిన ఈ షెడ్డులో జరిగింది అదే. ఆ ఐదు శాతం కూడా ఒక్కసారిగా కాదు. మొదటి వారం ఒక కిలో, రెండో వారం మూడు, మూడో వారం నుంచి ఐదు. ఆ మేరకు డీఓబీ పెంచి వంద కిలోలు పూర్తి చేసుకోవాలి. దాణా పది రోజులకు సరిపడా మాత్రమే కలపాలి. పొడిని ముందు ఐదు కిలోల మొక్కజొన్న రవ్వలో బాగా కలిపి, ఆ తర్వాత కుప్పలో కలిపితే సమంగా సర్దుకుంటుంది. నేరుగా కుప్ప మీద చల్లితే ఒక దూడకు అంతా, ఇంకో దూడకు ఏమీ లేదు.

పాలలో మాత్రం పొడి కలపవద్దు. పాలీఫినాల్స్ పాలలోని కేసిన్ అనే మాంసకృత్తును పట్టుకుంటాయి. నీళ్లలో కలిపి గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఇనుము టానిక్ ఇస్తుంటే పొడి తినే పూట కాకుండా వేరే పూట ఇవ్వాలి, పాలీఫినాల్స్ ఇనుమునూ పట్టేస్తాయి.

ఇక ఎర్రబారిన ఒళ్లు. నల్ల గేదెల్లో వెంట్రుక ఎర్రబారితే మొదట అనుమానించాల్సింది రాగి లోపం. ఒంటి సొంత యాంటీఆక్సిడెంట్ ఎంజైమ్ అయిన సూపర్ఆక్సైడ్ డిస్మ్యుటేజ్‌కు రాగి, జింకు కావాలి. అలాంటిదే మరో ఎంజైమ్ గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్‌కు సెలీనియం కావాలి. ఆకుల్లోని పాలీఫినాల్స్ వీటి స్థానం తీసుకోలేవు. అందుకే రెండు శాతం ఖనిజ లవణ మిశ్రమం ఈ దాణాలో మునగాకు కన్నా ముఖ్యమైన యాంటీఆక్సిడెంట్ మందు. లేబుల్ మీద రాగి, జింకు, సెలీనియం పాళ్లు లేని సంచి కొనవద్దు. విటమిన్ ఇ కూడా కిలో దాణాకు 25 అంతర్జాతీయ యూనిట్లు (ఐయూ) ఉండేలా విడిగా కలుపుకోవాలి, అమెరికా జాతీయ పరిశోధన మండలి (ఎన్‌ఆర్‌సీ) 2001 ప్రమాణం కాఫ్ స్టార్టర్‌కు, అంటే దూడల మొదటి దాణాకు, చెప్పింది అంతే. "మూలికా విటమిన్ ఇ" అని అమ్మే పొడుల డబ్బా మీద యూనిట్లు రాసి లేకపోతే దాన్ని విటమిన్ ఇగా లెక్కలోకి తీసుకోకూడదు.

ఏది పనిచేసిందో తేల్చడం

అన్నీ ఒకేసారి మార్చేస్తే దూడలు బాగుపడతాయి కానీ దేనివల్లో తెలియదు. అందుకని పన్నెండు దూడలకూ పాలు, నట్టల మందు, కొత్త దాణా ఒకేలా ఇచ్చి, ఆరింటికి మునగాకు ఉన్న దాణా, ఆరింటికి మునగాకు బదులు రెండు కిలోల సోయా చెక్క, మూడు కిలోల డీఓబీ వేసిన దాణా పెట్టే ఏర్పాటు చేయాలి. మాంసకృత్తులు దాదాపు సమంగా ఉండడం కోసమే ఈ మార్పు, లేకపోతే ఆకులోని మాంసకృత్తుల లాభాన్ని యాంటీఆక్సిడెంట్ల ఖాతాలో వేసేస్తాం. ఒకే వయసు దూడలను జతలుగా చేసి, చీటీ వేసి విడదీయాలి. బలమైనవన్నీ ఒక పక్కకు పోకూడదు.

తూకం యంత్రం లేకపోతే టేపు చాలు. ముంగాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి తుంటి ఎముక చివర దాకా పొడవు, రెండూ అంగుళాల్లో కొలవాలి. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలు. చుట్టుకొలత 34, పొడవు 30 అయితే 34,680ని 660తో భాగించగా 52.5 కిలోలు. పదిహేను రోజులకోసారి, పొద్దున పాలు పట్టకముందు, ఒకే మనిషి కొలవాలి. మిగిలిన దాణా రోజూ తూచి రాయాలి. పేడకు 0 నుంచి 3 దాకా మార్కులు: గట్టిగా ఉంటే 0, నీళ్లలా ఉంటే 3.

ఇలాంటి షెడ్డులో మార్పు వచ్చే వరుస దాదాపు ఒకేలా ఉంటుంది. ముక్కిన తౌడు తీసేసిన వారంలోపే దాణా మిగలడం తగ్గుతుంది, రెండు గుంపుల్లోనూ. పేడ తర్వాత కుదురుకుంటుంది. వెంట్రుక రంగు అన్నిటికన్నా చివర, కొత్త వెంట్రుక మొలిచాకే మారుతుంది, దానికి నెలలు పడుతుంది. ఆరు నెలల దూడలో రెండు గుంపుల మధ్య తేడా వెతకడం కన్నా పాలు మాన్పించే రోజుల్లో, మే ఎండల్లో వెతకడం సరైనది. ఒత్తిడి ఉన్నప్పుడే యాంటీఆక్సిడెంట్ల అవసరం బయటపడుతుంది. పైగా పొట్ట పూర్తిగా ఎదిగి నెమరు బాగా సాగాక పాలీఫినాల్స్‌లో చాలా భాగాన్ని మొదటి పొట్టలోని సూక్ష్మజీవులే మార్చేస్తాయి. ఆరు దూడల గుంపులో రెండు కిలోల బరువు తేడా కనబడితే దాన్ని మునగాకు గెలుపుగా ప్రకటించకూడదు, టేపు కొలతలోనే అంత తేడా రావచ్చు. ఒంట్లో ఆక్సీకరణ ఎంత ఉందో నిజంగా చూడాలంటే రక్తంలో మాలాన్‌డైఆల్డిహైడ్ (కొవ్వు ఆక్సీకరణ చెందితే పుట్టే పదార్థం), గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ పరీక్షలు కావాలి.

ఒక హెచ్చరిక. దూడ లేవడానికి తడబడుతూ, తొడ, వీపు కండరాలు బిగుసుకుని, పాలు తాగడానికి మెడ ఎత్తలేకపోతే అది విటమిన్ ఇ, సెలీనియం లోపంతో వచ్చే తెల్ల కండరాల జబ్బు కావచ్చు. ఆకు పొడి మోతాదు పెంచి చూసే సమయం కాదది. గుండె కండరం దెబ్బతింటే దూడ ఉన్నట్టుండి చనిపోతుంది. వెంటనే పశువైద్యుడిని పిలవాలి. సెలీనియం ఇంజెక్షన్ సొంతంగా వేయకూడదు, మోతాదు కాస్త మించినా అదే విషం.

జూలైలో ముసురు పట్టాక ఆకు గదిలో ఎండదు, బూజు పడుతుంది. ఆ నెలల్లో పొడి ఆపి, అర కిలో దాణా తినే దూడకు 25 గ్రాముల పొడికి బదులు 110 నుంచి 125 గ్రాముల పచ్చి ఆకు దూసి, సన్నగా తరిగి, సాయంత్రం దాణా మీద వేయాలి. పొద్దున కోసింది సాయంత్రానికి మిగిలితే దూడలకు వద్దు, పెద్ద గేదెల గాటికి వేసేయండి.